ఆతపత్రములతో విచ్చేయవలెను

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు కరెంటు ఆఫీసులో అకౌంట్స్ చూసి రిటైరైన మనిషి. లెక్కలు పక్కా. మాట మెత్తన. అలాంటాయన ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు తిరగేస్తూ ‘శబ్దరత్నాకరం’ కొనుక్కొచ్చారు. మాకు కష్టాలు అప్పుడే మొదలయ్యాయి.

బహుజనపల్లి సీతారామాచార్యుల వారి నిఘంటువు అది. 1885లో వచ్చింది. పండితులకు ఎంత ఉపకారం చేసిందో తెలియదు గానీ, మా ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపును మాత్రం అతలాకుతలం చేసింది.

సెక్రటరీ గారు దాన్ని ఏ పేజీ తెరుచుకుంటే అక్కడ నుంచి చదివేవారు. లిఫ్టులో దొరికితే చాలు, ఆ రోజు పట్టిన మాట మన చెవిలో వేసేవారు. నల్లి మత్కుణమట. వంకాయ వృంతాకమట. ఉల్లిపాయేమో పలాండువట. "పలాండువు... ఏదీ, ఒక్కసారి అనండి. నోట్లో ఎలా దొర్లుతుందో చూడండి!" అనేవారు. మూడో అంతస్తు వచ్చేలోపు అనాల్సిందే. ఆ పుస్తకం మీద ఆయనకున్న కోపం ఒక్కటే. ఏదో చక్కటి పేరు చెప్పి ఊరిస్తుంది, తీరా అర్థం దగ్గరికొచ్చేసరికి ‘వృక్షవిశేషము’ అని చేతులు దులుపుకుంటుంది. "ఏ వృక్షమయ్యా? వేపా, తుమ్మా? పక్షివిశేషమట! కాకా, గద్దా?" అని గింజుకునేవారు. నాకైతే ఆ లిఫ్టు కబుర్లు బాగానే ఉండేవి. పలాండువు అన్న రోజు ఉల్లిపాయలు తరుగుతుంటే ఏదో యజ్ఞం చేస్తున్నట్టు అనిపించింది.

ఇంతలో వానాకాలం వచ్చింది. పై అంతస్తు వాళ్ళ స్లాబు కారడం మొదలైంది. ఎక్కడ కారుతోందో అందరూ కళ్ళారా చూస్తే తప్ప రిపేరుకు డబ్బులు రాలవని మీటింగు మేడ మీదే పెట్టాలనుకున్నారు. గ్రూపులో నోటీసు వచ్చింది.

"గృహమేధులకు విజ్ఞప్తి. ఆదివారం అపరాహ్ణం నాలుగు గంటలకు హర్మ్యాగ్రమున సమావేశం. అందరూ ఆతపత్రములతో విచ్చేయవలెను."

మూడు వందల ఒకటిలో ఉండే రాజమండ్రి ఆవిడ ముందుగా తేల్చేశారు. "పాపం, ఆధార పత్రం అని కొట్టబోతే ఫోను ఇలా మార్చేసుంటుంది. ఆధార్ తెచ్చుకోమంటున్నారు." అందరికీ సబబుగానే తోచింది. హైదరాబాద్‌లో నెలకు ఇరవై వేల లీటర్ల ఉచిత నీళ్ళ పథకం వచ్చినప్పుడు, నల్లా కనెక్షన్‌కు ఫ్లాటు ఫ్లాటుకూ ఆధార్ లింక్ చేయించుకోవడానికి పడ్డ తిప్పలు ఎవరూ మరిచిపోలేదు. గంట తిరక్కుండా పుకారు మొలకెత్తింది, ఆధార్ ఇవ్వకపోతే నీళ్ళు బంద్ అని. అద్దెకున్న వాళ్ళకు టెన్షన్, ఓనర్ ఆధారా తమ ఆధారా అని. ఓనర్లకు ఇంకో టెన్షన్, అద్దెకున్న వాళ్ళను ఇదంతా ఎవరు అడగమన్నారని. కొత్తగా వచ్చిన జంట ఒకటి ‘హర్మ్యాగ్రం’ శంకర్‌పల్లి వైపు కొత్త వెంచరేమోనని మ్యాపులో వెతికింది. సెక్రటరీ గారిని అడిగితే పోయేదిగా అంటారేమో. అడిగితే అర్థంతో పాటు వ్యుత్పత్తి కూడా వినాలి. అందుకే ఎవరూ అడగలేదు.

ఆదివారం వీధి చివరి జిరాక్స్ కుర్రాడికి పండగ. సాయంత్రం నాలుగింటికి మేడ మీద జనం ప్లాస్టిక్ కవర్లలో ఆధార్ కాపీలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. ఎందుకైనా మంచిదని పాస్‌పోర్టు సైజు ఫోటోలు తెచ్చినవాళ్ళూ ఉన్నారు. సెక్రటరీ గారు నల్ల గొడుగు వేలాడేసుకుని వచ్చారు. ఆ వరుస చూసి ఆశ్చర్యపోయారు గానీ, మర్యాదస్తుడు కదా, ఏమీ అనలేదు. ఆకాశం వంక చూసి "మొయిలు వచ్చేసిందే" అన్నారు.

నాలుగు వందల రెండు సాఫ్ట్‌వేర్ అబ్బాయి వెంటనే ఫోను తీశాడు. "నాకు రాలేదంకుల్. ఏ ఐడీకి పంపారు?" స్పామ్‌లో కూడా చూశాడు.

వాచ్‌మన్ మాత్రం అప్పటికే తీగ మీది బట్టలు లాగేస్తున్నాడు. "అవ్ సారూ, మస్తు మొగులైంది. గీడ నిలవడితే తడుస్తరు!"

దబదబా వాన. అంతమందికీ ఒక్కటే గొడుగు. ఆధార్ కాపీలు నెత్తిన పెట్టుకుని అందరూ మెట్ల గదిలోకి పరిగెత్తారు. లామినేషన్ చేయించుకున్నవాళ్ళు కాస్త నయం. ఆ ఇరుకులో ఒకరి మీద ఒకరు నిలబడి ఉండగా గోడ వెంట నీళ్ళు ధారగా దిగాయి. ఎక్కడ కారుతోందన్న చర్చ అక్కడితో సరి. ఎప్పుడూ నెలల తరబడి నలిగే చందా ఐదు నిమిషాల్లో ఖరారైంది.

అందరూ సెక్రటరీ గారి మీద పడ్డారు. "గొడుగు అని రాస్తే మీ సొమ్మేం పోయిందండీ?"

"అమరకోశంలో ఛత్రం పక్కనే ఉందండీ ఆతపత్రం! ఎండ నుంచి కాపాడేది కాబట్టి..." అని మొదలుపెట్టి, చుట్టూ ఉన్న ముఖాలు చూసి తగ్గారు. "గొడుగు అందరికీ తెలిసిందేగా. తెలిసిన మాట రాస్తే మజా ఏముంది?" అన్నారు, కొంచెం బాధగానే. ఎండ నుంచి కాపాడేదాన్ని వానకు తెమ్మన్నారేమిటని అడగాలనిపించింది. ఊరుకున్నాను.

ఆయన ధ్యాస అప్పటికే వాచ్‌మన్ మీదికి మళ్ళింది. "మొగులా? ఏదీ, మళ్ళీ అను!" మొయిలు అన్నా మొగులు అన్నా మబ్బే. ఆయన పుస్తకంలో వెతికి పట్టుకున్న మాట పాలమూరు నుంచి వచ్చిన మనిషి నోట్లో రోజూ తిరుగుతోంది. ఆ సాయంత్రం నుంచి సెక్రటరీ గారి కుర్చీ గేటు దగ్గరకు మారింది, చేతిలో నోటుబుక్కుతో. వాచ్‌మన్ భార్య గదిని అర్ర అంటే రాసుకున్నారు. దాహాన్ని దూప అంటే రాసుకున్నారు. "సారుకు ఇంట్ల పనేం లేదా?" అని ఆమె మొగుణ్ణి అడిగితే, ఆ మాటా యాసతో సహా రాసుకున్నారు.

తర్వాతి నోటీసు ఇలా వచ్చింది: "రేపు పొద్దుగాల నల్లా రాదు. గోలేలు నింపి పెట్టుకోండ్రి."

రాజమండ్రి ఆవిడ గోలెం అంటే ఏమిటని అడిగారు. నీళ్ళు నిలవ చేసుకునేది అన్నారు వరంగల్ వాళ్ళు. అయితే గాబు అనండి అన్నారు గుంటూరు వాళ్ళు. గాబేమిటి, తొట్టి అంటే సరిపోదా అన్నారు కర్నూలు వాళ్ళు. గాబు రాతిదా సిమెంటుదా అని ఒకరు, మా అమ్మమ్మ ఊళ్ళో అయితే ఫలానా అంటారని ఇంకొకరు. ఎప్పుడూ గ్రూపులో నోరు విప్పని వాళ్ళు కూడా వాళ్ళ ఊరి పెరటి ఫోటోలు పెట్టారు. రాత్రి పన్నెండు దాటింది. ఒక్కరూ బకెట్ కూడా నింపలేదు.

తెల్లారి ట్యాంకర్ పిలిపించి ఖర్చు తలా ఇంత పంచుకోవాల్సి వచ్చింది. డబ్బులు పంపేటప్పుడు నాలుగు వందల రెండు అబ్బాయి గ్రూపులో అడిగాడు: "అంకుల్, ట్యాంకర్‌ను మీ పుస్తకంలో ఏమంటారు?" అతన్ని గ్రూపులోంచి తీసేయమని సగం ఫ్లాట్ల నుంచి ఫోన్లు వెళ్ళాయి. సెక్రటరీ గారు తీయలేదు. జవాబు పెట్టారు, మూడు పేరాలు.