తట్ట తీసి చూడండి

కాగజ్‌నగర్ చుట్టుపక్కల పత్తి ఏరే రోజులొస్తే ఇదే తంతు. తెల్లారి చేనుకు పోయిన రైతుకు తడి మట్టిలో పులిదనిపించే పెద్ద అడుగు కనిపిస్తుంది. చెరిగిపోకుండా దాని మీద తట్ట బోర్లించి ఫారెస్టోళ్లకు ఫోన్ చేస్తాడు. కుక్కదై ఉంటుందిలే, పుకార్లు పుట్టించొద్దని తరచూ వచ్చే జవాబు. అడవిలో వాళ్లు కట్టిన కెమెరాకు చిక్కితేనే పులి. చిక్కకపోతే రైతు భ్రమ.

2020 నవంబరులో దహెగాం మండలం దిగిడలో యువకుడిని, అదే నెలలో పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి చేనులో ఉన్న అమ్మాయిని పులి చంపింది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో మరో మహిళ, మళ్లీ పత్తి దగ్గరే. ఆ తర్వాత, పులి వెనక నుంచి మీద పడకుండా తల వెనక మనిషి ముఖం మాస్కులు పెట్టుకోండని పంచారు! చెట్టుకు కట్టిన కెమెరా తన ముందు నుంచి పోయినదాన్నే చూస్తుంది. మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవి వైపు నుంచి ప్రాణహిత నది దాటి వచ్చే పులి ఏ గట్టు మీదుగా నడుస్తుందో దానికేం తెలుసు?

ఊరివాళ్లు పొరబడతారు, నిజమే. జంగుపిల్లిని చూసి చిరుత అంటారు, ఎక్కడిదో వాట్సాప్ వీడియోను మన ఊరిదే అని తిప్పుతారు. అంతమాత్రాన అందరి మాటా గాలికి వదిలేస్తారా?

నల్లమలలో పులి జాడ తీయడానికి అటవీ శాఖ చెంచులనే పనిలో పెట్టుకుంది. అక్కడ వాళ్ల కన్ను పనికొస్తుంది. ఇక్కడ అదే అడుగును రైతు చూస్తే పనికిరాదు. జీతమిస్తే ట్రాకర్, ఇవ్వకపోతే పుకార్లరాయుడు. పశువును పులి చంపిందంటే పరిహారం కోసం నాటకమనే అనుమానం. మరి రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యంలో 2004లో 16-18 పులులున్నాయని రాసిందెవరు? మరుసటి ఏడాదికి ఒక్కటీ లేదని తేలింది. ఆ లెక్క పశువుల కాపరిది కాదు, జీతం తీసుకునేవాళ్లదే.

ఒక్కరి మాటే నమ్మమని మేం అనడం లేదు. ఒకరికొకరు తెలియని ముగ్గురు, మూడు ఊళ్ల నుంచి, ఒకే వారంలో ఒకే వాగు పేరు చెబితే? వచ్చిన ప్రతి ఫోన్‌నూ తేదీ, చోటుతో రిజిస్టర్‌లో ఎక్కిస్తే పులి ఎటు కదులుతోందో కొంతైనా అంతు చిక్కుతుంది. కెమెరా ఎక్కడ కట్టాలో కూడా తెలుస్తుంది. దానికి కోట్లు అక్కర్లేదు, ఒక పుస్తకం, పెన్ను చాలు.

ఫోన్ వచ్చిన రోజే గట్టు దాకా వెళ్లండి. తట్ట తీసి చూడండి. కుక్క అడుగైతే గోళ్ల గుర్తులు పడతాయి, పులి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. రైతు పొరబడ్డాడనుకుంటే ఆ గుర్తులేవో అక్కడే కూర్చుని అతనికి చూపించండి. ఆఫీసు కుర్చీలోంచి కాదు.