కరెంటు పెట్టినా లొంగని కణాలు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రేడియేషన్‌కు వెళ్తున్నవాళ్లు మన దగ్గర చాలామంది 'కరెంటు పెట్టించుకుంటున్నాం' అంటారు. ఆ కరెంటే కొత్త క్యాన్సర్ కణాలను పుట్టిస్తుందట అన్న మాట చెవిన పడితే ఏ ఆడమనిషికైనా గుండె జారిపోతుంది. ఆ మాట పూర్తిగా పుకారు కాదు. దాని వెనక గట్టి పరిశోధనే ఉంది. అందుకే సగం చెప్పి వదిలేయడం ప్రమాదం.

2003లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ క్లార్క్ బృందం రొమ్ము కణితిలోని కణాలన్నీ ఒక్కలాంటివి కావని చూపింది. పైపొర మీద సీడీ44 అనే ప్రోటీన్ ఉండి, సీడీ24 అనే ఇంకో ప్రోటీన్ లేని, లేదా బాగా తక్కువున్న కణాలను వేరుచేసి ఎలుకల్లోకి ఎక్కిస్తే, వంద కణాలకే కణితి మొలిచింది. మిగతా రకం వేలకు వేలు ఎక్కించినా మొలవలేదు. వ్యవసాయం తెలిసినవాళ్లకు తుంగ గుర్తొస్తుంది. పైన ఆకు ఎంత కోసినా నేలలో గడ్డ మిగిలితే మళ్లీ లేస్తుంది. ఈ గడ్డల్లాంటివే క్యాన్సర్ మూలకణాలు.

వీటికి రేడియేషన్ తగిలితే ఏమవుతుంది? లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ పాయోంక్, విలియం మెక్‌బ్రైడ్ తదితరులు 2006లో దీన్నే పరీక్షించారు. ఎక్స్-కిరణాలు డీఎన్ఏను నేరుగా తెంచేది కొంతే. కణంలోని నీటిని చీల్చి, అందులోంచి పుట్టిన ఆక్సిజన్ రాడికల్స్‌తో, అంటే తాకినదాన్నల్లా దెబ్బతీసే చురుకైన అణువులతో, చేయించే నష్టమే ఎక్కువ. మూలకణాల్లో ఆ రాడికల్స్ తక్కువగా పుట్టాయి, డీఎన్ఏ తెగిన గుర్తులూ తక్కువే కనిపించాయి. విడతలవారీగా కిరణాలు ఇస్తే బతికినవాటిలో మూలకణాల వాటా పెరిగింది. 2009లో క్లార్క్, మాక్సిమిలియన్ డీన్‌ల స్టాన్‌ఫర్డ్ బృందం కారణాన్ని ఇంకాస్త తవ్వింది. రాడికల్స్‌ను మింగేసే గ్లూటాథియోన్ లాంటి రక్షణ ఈ కణాల్లో బలంగా ఉంది. దాన్ని మందుతో తగ్గిస్తే అవి కిరణాలకు లొంగాయి. అయితే ఆరోగ్యకరమైన రొమ్ము మూలకణాలకూ అదే కవచం ఉంది, దాన్ని తీసేస్తే అవీ దెబ్బతినొచ్చు. చిక్కంతా అక్కడే.

అసలు కలవరపెట్టింది 2012 నాటి ఫలితం. పాయోంక్ బృందం మూలకణాలను ముందే ఏరి తీసేసి, మిగిలిన మామూలు క్యాన్సర్ కణాలకు రేడియేషన్ ఇచ్చింది. బతికినవాటిలో కొన్ని మూలకణాల గుణాలు తెచ్చుకున్నాయి. కోసిన ఆకే గడ్డగా మారినట్టు! నాచ్ అనే సంకేత మార్గాన్ని అడ్డుకుంటే ఈ మార్పు తగ్గింది.

ఇదంతా చదివి రేడియేషన్ వద్దనుకుంటే మాత్రం ఘోరమైన పొరపాటు. రొమ్మును కాపాడే ఆపరేషన్ చేయించుకున్న 10,801 మంది వివరాలతో 17 ట్రయల్స్‌ను కలిపి చూసిన విశ్లేషణ 2011లో వచ్చింది. పదేళ్లలో జబ్బు తిరగబెట్టడం రేడియేషన్ లేనివాళ్లలో 35 శాతం, తీసుకున్నవాళ్లలో 19.3 శాతం. పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 25.2 శాతం నుంచి 21.4 శాతానికి తగ్గాయి. మూలకణాలు మొండివే కావచ్చు, కానీ చావనివి కావు. డోసు సరిపడా పడితే అవీ చస్తాయి. గాజుపాత్రలో బతికిన కణాన్ని చూసి, మనిషి ఒంట్లో తేలిన లెక్కను పక్కన పెట్టలేం.

ఈ పరిశోధన మార్చాల్సింది వైద్యుల ప్రశ్నను. కణితి ఎంత కుంచించుకుపోయిందన్న కొలత చాలదు, మిగిలినవి ఏ కణాలో తెలియాలి. డోసు విడతల తీరు ఇప్పటికే మారుతోంది: ఐదు వారాల్లో 25 విడతలుగా 50 గ్రే (రేడియేషన్ డోసు కొలమానం) ఇచ్చే పాత పద్ధతి పక్కన, వారంలో 5 విడతలుగా 26 గ్రే సరిపోతుందని బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ 2020లో చూపింది. అలాంటి ట్రయల్స్‌లో మూలకణాల కొలతలూ చేరాలన్నది నా వాదన. ప్రయోగశాలలో ఆశ పుట్టించిన మందును తొందరపడి నమ్మడమూ తగదు. రొమ్ము క్యాన్సర్ మూలకణాలను చంపుతుందని 2009లో పేరొచ్చిన మధుమేహం మందు మెట్‌ఫార్మిన్, మధుమేహం లేని మూడున్నర వేల మందికి పైగా రోగులపై జరిగిన ట్రయల్‌లో జబ్బు తిరగబెట్టకుండా ఆపలేకపోయింది. ఆ ఫలితం 2022లో వచ్చింది.

ఇప్పుడు కరెంటు పెట్టించుకుంటున్న అక్కలకు, అమ్మలకు రెండే మాటలు. మధ్యలో విడతలు మానకండి, ఆ విరామంలో మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. 'బలానికి' అంటూ ఎవరో ఇచ్చిన యాంటీఆక్సిడెంట్ మాత్రలను డాక్టర్‌ను అడగకుండా వేసుకోకండి. కిరణాలు పుట్టించే రాడికల్స్‌ను మింగడమే వాటి పని.