నల్లగీత లేనివన్నీ మోనార్కులు కావు

మోనార్క్ సీతాకోకచిలుకను గుర్తుపట్టడానికి ఇదే సులువైన మార్గమంటూ ఒక సందేశాన్ని చాలామంది పంచుకుంటున్నారు. పక్కపక్కన పెట్టిన రెండు ఫొటోల కింద అందులో ఉన్న మాటలు క్లుప్తంగా ఇవి: నారింజ రంగు రెక్కల మీద నల్లని ఈనెలు కనిపిస్తే వెనక రెక్కను చూడండి, అడ్డంగా నల్లగీత ఉంటే అది మోనార్క్‌ను పోలిన వైస్రాయ్ అనే మరో జాతి, లేకపోతే మోనార్క్, పెద్దదైతే మోనార్క్, చిన్నదైతే వైస్రాయ్, మోనార్క్ విషపూరితం, వైస్రాయ్ దాని వేషం వేసుకుని పక్షులను మోసగించే నిరపాయమైన జీవి, చారల గొంగళిపురుగు కనిపిస్తే అది మోనార్క్‌దే, గుంపులుగా వలసపోయే నారింజ సీతాకోకచిలుకలన్నీ మోనార్కులే, ఈ జాతి ప్రపంచంలో అన్నిచోట్లా ఉంది. వీటిలో మొదటిది సగం నిజం. విషం గురించిన మాట మూడు దశాబ్దాలకు పైగా క్రితమే వీగిపోయింది. మిగిలినవి తక్కువ చూసి ఎక్కువ తేల్చేసిన మాటలు.

గీత సంగతితో మొదలుపెడదాం. వైస్రాయ్ వెనక రెక్క మీద ఈనెలను అడ్డంగా కోస్తూ, రెక్క అంచుకు దాదాపు సమాంతరంగా, విల్లులా వంగిన నల్లని గీత ఒకటి ఉంటుంది. మోనార్క్‌కు అది ఉండదు. రెక్క పైభాగంలోనూ అడుగుభాగంలోనూ ఈ గీత కనిపిస్తుంది కాబట్టి, పువ్వు మీద రెక్కలు ముడుచుకుని కూర్చున్నప్పుడు కూడా పనికివస్తుంది. ఇంతవరకు సందేశం చెప్పినది సరైనదే. అయితే ఆ గీత జవాబు చెప్పేది ఒకే ఒక ప్రశ్నకు: ఇది వైస్రాయా, కాదా? కాదని తేలినంత మాత్రాన మోనార్క్ అని తేలినట్టు కాదు. పోటీలో ఇద్దరే ఉన్నారని ముందే అనుకున్నవారికి మాత్రమే ఆ రెండో నిర్ణయం సులభంగా కనిపిస్తుంది. పైగా, అరుదుగానైనా, వైస్రాయ్‌లలోనే గీత మసకబారినవి, అసలు లేనివి కనిపిస్తుంటాయి. అందువల్ల గీత ఉంటే వైస్రాయ్ అనడం ఎంత భద్రమో, గీత లేకపోతే మోనార్క్ అనడం అంత భద్రం కాదు.

సందేశం పూర్తిగా వదిలేసిన పోటీదారులు మోనార్క్‌కు స్వయానా దాయాదులే. మోనార్క్ శాస్త్రీయ నామం డానాస్ ప్లెక్సిపస్. అదే డానాస్ ప్రజాతికి చెందిన క్వీన్, అంటే డానాస్ గిలిపస్, అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగం నుంచి అర్జెంటీనా వరకు విస్తరించి ఉంది. సోల్జర్, అంటే డానాస్ ఎరెసిమస్, దక్షిణ ఫ్లోరిడా, దక్షిణ టెక్సాస్ మొదలుకొని మెక్సికో, కరేబియన్ దీవుల మీదుగా దక్షిణ అమెరికా దాకా ఉంటుంది. ఈ రెండింటి వెనక రెక్కల మీదా వైస్రాయ్ గీత ఉండదు. అంటే టెక్సాస్ దక్షిణ కొసన నిలబడి ఈ సందేశాన్ని తూచా తప్పకుండా పాటించినవారు ప్రతి క్వీన్‌నూ, ప్రతి సోల్జర్‌నూ మోనార్క్‌గా లెక్క రాసుకుంటారు.

క్వీన్ విషయంలో కాస్త నిదానించి చూడవలసింది ఉంది, ఎందుకంటే రెక్కలు విప్పినప్పుడు ఒకలా, ముడిచినప్పుడు మరొకలా అది కనిపిస్తుంది. విప్పినప్పుడు పైభాగం ముదురు గోధుమ రంగులో, దాదాపు చెస్ట్‌నట్ గింజ రంగులో ఉంటుంది. దాని మీద మోనార్క్‌కు ఉన్నట్టు దట్టమైన నల్లని ఈనెలు కనిపించవు. అదే రెక్కలు ముడిచినప్పుడు, వెనక రెక్క అడుగున నల్లని ఈనెలు స్పష్టంగా బయటపడి, చూసేవారిని నేరుగా మోనార్క్ వైపు లాక్కుపోతాయి. అప్పుడు చూపు నిలపవలసినది ముందు రెక్క మీద. మోనార్క్ ముందు రెక్కలో తెల్లని చుక్కలు నల్లని అంచులోనూ నల్లని కొసలోనూ ఇమిడి ఉంటాయి. క్వీన్‌కు వాటితో పాటు గోధుమ రంగు భాగంలోనే విడిగా చల్లినట్టు మరికొన్ని తెల్లని చుక్కలు ఉంటాయి. నా దృష్టిలో ఈ మూడు నాలుగు చుక్కలు ఆ నల్లగీత కంటే ఎక్కువ పని చేస్తాయి. సోల్జర్‌కు ఆ చుక్కలు లేవు, పైభాగంలో ఈనెలు సన్నగా నల్లబారి ఉంటాయి, కాబట్టి అది మోనార్క్‌కు మరింత దగ్గరగా కనిపిస్తుంది. దాన్ని పట్టిచ్చేది వెనక రెక్క అడుగున వంపుగా సాగే పాలిపోయిన మచ్చల వరుస. ఒక్క ఫొటో తీసే అవకాశమే ఉంటే రెక్కలు విప్పిన ఫొటో కోసం ఎదురుచూడడం చాలామందికి అలవాటు. ఈ గుంపు విషయంలో ముడిచిన రెక్కల ఫొటో కూడా ఉంటే తప్ప జాతి తేల్చకపోవడమే మంచిది.

వెనక రెక్క నల్లని అంచు గురించి సందేశంలో ఒక్క ముక్కా లేదు. మోనార్క్‌కు ఆ అంచులో తెల్లని చుక్కలు రెండు వరుసలుగా ఉంటాయి, వైస్రాయ్‌కు ఒకే వరుస. గీత మసకగా ఉన్న వైస్రాయ్ ఎదురైనప్పుడు ఆదుకునే ఆనవాలు ఇదే. మగ మోనార్క్ వెనక రెక్కల్లో ఒక్కోదాని మీద, ఒక ఈనెను ఆనుకుని ఒక చిన్న నల్లని మచ్చ ఉబ్బెత్తుగా ఉంటుంది. వైస్రాయ్‌లో ఆడదానికీ మగదానికీ కూడా అది ఉండదు. కానీ క్వీన్ మగవాటికి ఉంటుంది. కాబట్టి మచ్చను చూసి వైస్రాయ్‌ని తప్పించవచ్చు, క్వీన్‌ను తప్పించలేము.

పరిమాణం గురించి చెప్పిన మాట సగటుకు సరిపోతుంది. విప్పిన రెక్కల వెడల్పు మోనార్క్‌కు సుమారు 9 నుంచి 10 సెంటీమీటర్లు, వైస్రాయ్‌కు సుమారు 5 నుంచి 8 సెంటీమీటర్లు. కానీ గొంగళిపురుగు దశలో తిండి చాలని మోనార్క్ చిన్నదిగానే బయటికి వస్తుంది, క్వీన్ పరిమాణం ఈ రెండింటికీ నడుమ పడుతుంది, దూరంలో ఎగురుతున్న దానికి కొలబద్ద పెట్టేవారు ఎవరూ లేరు. పరిమాణం కంటే ఎగిరే తీరు నమ్మదగినది. మోనార్క్ రెక్కలను ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో పైకెత్తి పట్టుకుని తీరిగ్గా తేలుతుంది. వైస్రాయ్ గబగబా కొన్నిసార్లు రెక్కలాడించి, ఆ తరువాత వాటిని బల్లపరుపుగా ఉంచి కొంతదూరం జారుతుంది. ఇది ఫొటోలో చిక్కని ఆనవాలు కాబట్టే ఫొటోలతో చేసిన సందేశంలోకి ఎక్కలేదేమో.

ఇక విషం కథ. ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ బేట్స్ 1862లో అమెజాన్ సీతాకోకచిలుకల ఆధారంగా ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు: తినదగిన జాతి ఒకటి, తినరాని జాతి రూపాన్ని పోలి ఉండడం వల్ల వేటాడే జీవుల నుంచి తప్పించుకోగలదు. మోనార్క్, వైస్రాయ్ జంట దానికి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయిన ఉదాహరణ. 1958లో జేన్ వాన్ జాండ్ట్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త ఫ్లోరిడా స్క్రబ్ జే పక్షులతో చేసిన ప్రయోగాల్లో, మోనార్క్ రుచి తెలిసిన పక్షులు వైస్రాయ్‌ని కూడా వదిలేయడం చూసి ఆ నమ్మకం మరింత బలపడింది. కానీ వైస్రాయ్ తనంతట తానుగా రుచికరమైనదేనా అన్న ప్రశ్న ఈ ఫలితంతో తీరదు. దాన్ని సూటిగా పరీక్షించినది డేవిడ్ రిట్‌లండ్, లింకన్ బ్రోవర్ అనే పరిశోధకులు. వారి పద్ధతి ఎంత సరళమో అంత తెలివైనది. రెక్కలు చూపిస్తే పక్షి పాత అనుభవంతో నిర్ణయం తీసుకుంటుంది కాబట్టి రెక్కలను తీసేసి, కేవలం పొట్ట భాగాలను ఎర్రరెక్కల బ్లాక్‌బర్డ్ పక్షుల ముందు పెట్టారు. రంగు లేదు, చార లేదు; ముక్కుతో పట్టి చూసిన రుచే మిగిలింది. వైస్రాయ్ పొట్టలను పక్షులు మోనార్క్ పొట్టలంత గట్టిగానే తిరస్కరించాయి. ఫ్లోరిడా క్వీన్ కంటే వైస్రాయే వాటికి ఎక్కువ అరుచి అయింది. ఆ ఫలితం 1991లో నేచర్ పత్రికలో వెలువడింది. రెండూ తినరానివై, ఒకే రూపంతో ఒకే హెచ్చరిక చేస్తూ రెండూ లాభపడే ఈ ఏర్పాటును, దాన్ని వివరించిన ఫ్రిట్జ్ ముల్లర్ పేరుతో ముల్లేరియన్ అనుకరణ అని పిలుస్తారు. ఇందులో మోసగాడు ఎవరూ లేరు.

నాణేనికి రెండో వైపు కూడా సందేశం చెప్పినంత నున్నగా లేదు. మోనార్క్ చేదు పుట్టుకతో వచ్చినది కాదు. గొంగళిపురుగుగా తిన్న మిల్క్‌వీడ్ మొక్కల పాలలో ఉండే కార్డెనోలైడ్లు అనే, గుండె మీద పనిచేసే విషాలను ఒంట్లో దాచుకోవడం వల్ల అది వస్తుంది. మిల్క్‌వీడ్, జిల్లేడు ఒకే కుటుంబపు మొక్కలు అంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఆ మొక్కల్లో విషం జాతిని బట్టి ఎక్కువ తక్కువలుగా ఉంటుంది, కాబట్టి మోనార్క్‌లలోనూ అంతే. 1960లలో లింకన్ బ్రోవర్ బృందం క్యాబేజీ ఆకులకు అలవాటు చేసి పెంచిన మోనార్క్‌లను బ్లూ జే పక్షులు హాయిగా తిన్నాయి. మెక్సికోలో చలికాలం గడిపే మోనార్క్ గుంపులను నల్లతల గ్రోస్‌బీక్, నల్లవీపు ఓరియోల్ పక్షులు ఏటా పెద్ద సంఖ్యలో తింటాయి. వైస్రాయ్ గొంగళిపురుగుకు మిల్క్‌వీడ్‌తో సంబంధమే లేదు. అది విల్లో, పాప్లర్ ఆకులు తింటుంది. వైస్రాయ్ రుచి కూడా అన్ని ప్రాంతాల్లో ఒకేలా ఉండదు. రంగు సైతం ఒకేలా ఉండదు: క్వీన్ ఎక్కువగా, మోనార్క్ తక్కువగా ఉండే ఫ్లోరిడాలో వైస్రాయ్ నారింజ రంగు వదిలి ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ‘మోనార్క్ నకలు’ అని ముద్ర వేసినవారు ఈ ఒక్క సంగతి గమనించినా సరిపోయేది.

గొంగళిపురుగుల గురించి రాసిన వాక్యం తోటపని చేసేవారిని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. మోనార్క్ గొంగళిపురుగుకు తెలుపు, నలుపు, పసుపు పట్టీలు, తల వైపు ఒక జత, తోక వైపు ఒక జత నల్లని మీసాల వంటి తంతువులు ఉంటాయి. క్వీన్, సోల్జర్ గొంగళిపురుగులు కూడా మిల్క్‌వీడ్ మీదే, దాదాపు ఇవే రంగుల్లో కనిపిస్తాయి. వాటికి నడుమ భాగంలో ఇంకో జత తంతువులుంటాయి. జతలు రెండయితే మోనార్క్, మూడయితే కాదు. ఇంత తేలిగ్గా, ఇంత కచ్చితంగా తేడా చెప్పే ఆనవాలు రెక్కలొచ్చిన ప్రౌఢ సీతాకోకచిలుకల్లో దొరకదు. సోంపు, కొత్తిమీర జాతి మొక్కల మీద కనిపించే ఆకుపచ్చ, నలుపు పట్టీల పురుగు బ్లాక్ స్వాలోటెయిల్ అనే వేరే సీతాకోకచిలుకది. నల్లని పట్టీల్లో పసుపు చుక్కలుంటాయి, తంతువులు ఉండవు, కదిలిస్తే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్మును బయటికి చాపుతుంది. వైస్రాయ్ గొంగళిపురుగుకు చారలే లేవు. అది అచ్చం పక్షి రెట్టలా గోధుమ, తెలుపు మచ్చలతో ఉంటుంది. ప్రౌఢ దశలో కవలల్లా కనిపించే రెండు జాతులు ఈ దశలో ఒకదానికొకటి ఏమీ కానట్టు ఉండడం వాటి బంధుత్వం ఎంత దూరమో చెబుతుంది.

గుంపులుగా పోయేవన్నీ మోనార్కులన్న మాటను ఎక్కువ చర్చించనక్కరలేదు. తూర్పు ఉత్తర అమెరికా మోనార్కులు, కొన్ని నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, మధ్య మెక్సికోలోని ఒయమెల్ అనే ఫర్ చెట్ల అడవులకు చేరడం, ఆ స్థావరాలు 1975లో శాస్త్రలోకానికి తెలియడం నిజమే. కానీ పెయింటెడ్ లేడీ అనే మరో నారింజ సీతాకోకచిలుక కూడా లక్షల సంఖ్యలో వలసపోతుంది. 2017 అక్టోబరులో అమెరికాలోని డెన్వర్ వాతావరణ రాడార్ మీద సుమారు 110 కిలోమీటర్ల వెడల్పున కనిపించిన మబ్బును మొదట పక్షులనుకున్నారు. చివరికి అవి పెయింటెడ్ లేడీలని తేలింది. దానికి నల్లని ఈనెల వల ఉండదు, వెనక రెక్క అడుగున కళ్ల వంటి గుండ్రని మచ్చలుంటాయి. గల్ఫ్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుకను కూడా దూరం నుంచి మోనార్క్ అనుకుంటారు. దాని రెక్కల అడుగున మెరిసే వెండి మచ్చలు చూశాక ఆ అనుమానం మిగలదు.

చివరి మాట, ఈ జాతి ప్రపంచమంతా ఉందన్నది. అమెరికా ఖండాలతో పాటు హవాయి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, స్పెయిన్, పోర్చుగల్, కానరీ దీవుల్లో మోనార్క్ స్థిరపడింది. ఆస్ట్రేలియాలో దాన్ని వాండరర్ అంటారు. భారతదేశంలో అది లేదు. ఇక్కడ తీసి ‘మోనార్క్’ అని పెడుతున్న ఫొటోల్లో సాధారణంగా ఉండేవి దాని దాయాదులైన స్ట్రైప్డ్ టైగర్, ప్లెయిన్ టైగర్. నల్లని ఈనెలున్న స్ట్రైప్డ్ టైగర్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. దాని ముందు రెక్క నల్లని కొసకు అడ్డంగా పెద్ద తెల్లని మచ్చలు పట్టీలా పరుచుకుని ఉంటాయి; మోనార్క్‌కు అక్కడ చిన్న చుక్కలే. ప్లెయిన్ టైగర్‌కు కూడా తెల్లని పట్టీ ఉంటుంది, కానీ పైభాగంలో నల్లని ఈనెలు ఉండవు, వెనక రెక్క మధ్యలో కొన్ని చిన్న నల్లని చుక్కలుంటాయి. ఇక దక్షిణ అమెరికా దక్షిణ భాగంలో ఉండే డానాస్ ఎరిప్పస్ మోనార్క్‌ను ఎంతగా పోలి ఉంటుందంటే, చాలాకాలం దాన్ని మోనార్క్‌లో ఉపజాతిగానే లెక్కించారు. అక్కడ తీసిన ఫొటోకు పేరు పెట్టేముందు రెక్కల కంటే ముందు చూడవలసినది ఫొటో ఎక్కడ తీశారన్నదే.