మామూలు డ్రైవ్‌లా తెరుచుకునే ప్లేయరే కొనుక్కోండి

మ్యూజిక్ ప్లేయర్ కొనేటప్పుడు అందరం చూసేవి అవే, సౌండ్ ఎట్లా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, మెమరీ కార్డు పడుతుందా లేదా. ఇవన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది, కేబుల్ పెట్టి లైనక్స్ (విండోస్, మ్యాక్‌ల బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న కంప్యూటర్‌కి తగిలిస్తే అది మామూలు పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుందా లేదా అని. తెరుచుకుని, అందులో కాపీ చేసిన పాట అలాగే పాడితే కొనండి, లేదంటే సౌండ్ ఎంత బాగున్నా వదిలేయండి. ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్తా.

మాకు లైనక్సే లేదు, మాకెందుకీ గొడవ అంటారేమో. లైనక్స్ వాడకపోయినా ఈ ప్రశ్న మీకూ పనికొస్తుందండి. ప్లేయర్లు చేసే కంపెనీలు విండోస్‌కి, మ్యాక్‌కి సాఫ్ట్‌వేర్ ఇస్తాయి గానీ లైనక్స్‌కి ఇచ్చింది చాలా తక్కువ. అలాంటప్పుడు ఒక ప్లేయర్ లైనక్స్‌లో ఏ తలనొప్పీ లేకుండా నడుస్తోందంటే అది ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదా ఆధారపడట్లేదన్నమాట, రేపు ఆ కంపెనీ మూతపడ్డా, వాళ్లిచ్చిన సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో ఎక్కకపోయినా, ప్లేయర్‌లో బ్యాటరీ ఉన్నన్నాళ్లూ మీ పాటలు మీరు ఎక్కించుకోవచ్చు దించుకోవచ్చు. అందుకే లైనక్స్‌ని నేను గీటురాయి అనుకుంటా.

ఫోన్ ఉండగా ఇంకా ప్లేయరేంటి అనే మాట కూడా వింటుంటా. పాట మధ్యలో మెసేజ్ రాకూడదు, నెట్ లేకపోయినా పాడాలి, చూడకుండా జేబులోనే బటన్ నొక్కి పాట మార్చగలగాలి, పిల్లల చేతికి స్క్రీన్ ఇవ్వకుండా పాటలు మాత్రం ఇవ్వాలి, ఇవి కావాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు. దాని గురించి వాదన పెంచను.

అసలు విషయానికొద్దాం. ప్లేయర్ కంప్యూటర్‌తో మాట్లాడే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి యూఎస్‌బీ మాస్ స్టోరేజ్. ఇందులో ప్లేయర్ తన మెమరీ మొత్తాన్ని కంప్యూటర్ చేతికిచ్చేసి పక్కకి తప్పుకుంటుంది, మీకు డ్రైవ్ కనిపిస్తుంది, ఫోల్డర్లు కనిపిస్తాయి, కాపీ పేస్ట్ అంతే, కొత్తగా నేర్చుకునేదేం లేదు. రెండోది ఎంటీపీ. ఇది మైక్రోసాఫ్ట్ చేసింది, కెమెరాల కోసం అప్పటికే ఉన్న పీటీపీ మీద కట్టారు, 2008లో యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ కూడా దీన్ని ప్రమాణంగా తీసుకుంది. ఇందులో మెమరీ ప్లేయర్ చేతిలోనే ఉంటుంది, కంప్యూటర్ ఈ ఫైల్ ఇవ్వు, ఈ ఫైల్ తీసుకో అని అడుగుతూ ఉండాలి.

ఎంటీపీలో మంచి లేదనను. మెమరీని ఒకేసారి ఇద్దరు రాయడం ఉండదు కాబట్టి కేబుల్ పీకేసినంత మాత్రాన మొత్తం డ్రైవ్ పాడైపోయే భయం తక్కువ, ఆండ్రాయిడ్ ఫోన్లు మాస్ స్టోరేజ్ వదిలేసి ఎంటీపీకి మారింది కూడా ఫోన్, కంప్యూటర్ ఒకే స్టోరేజ్‌ని ఒకేసారి వాడుకోవాలనే. కానీ లైనక్స్‌లో దాంతో రోజూ పని చేసేవాళ్లకి తెలుస్తుంది బాధ. లిబ్‌ఎంటీపీ అని ఒక లైబ్రరీ ఉంది, అంటే వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే రెడీమేడ్ కోడు, స్వచ్ఛందంగా రాసినవాళ్లు ఒక్కో ప్లేయర్ మోడల్‌నీ, దాని వింత అలవాట్లనీ పెద్ద జాబితాగా రాసుకుంటూ వచ్చారు, వాళ్ల పుణ్యాన చాలా ప్లేయర్లు కనిపిస్తాయి. అయినా ఫైల్ మేనేజర్ ప్లేయర్‌ని ముందే పట్టేసుకుంటే పాటల ప్రోగ్రామ్‌కి అది దొరకదు, డివైస్ బిజీ అంటుంది, ఫైల్ మేనేజర్‌లో అన్‌మౌంట్ చేసి, అంటే దాని పట్టు వదిలించి, మళ్లీ తెరవాలి. వేల పాటలున్న ఫోల్డర్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. పాట పేరులో ఒక్క అక్షరం సరిచేయాలన్నా చాలాసార్లు ఫైల్‌ని కంప్యూటర్‌కి తెచ్చి, మార్చి, మళ్లీ పంపాలి. కొన్ని ప్లేయర్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే యూఎస్‌బీ మోడ్ అని ఉంటుంది, అక్కడ ఎంఎస్‌సీ అని ఉంటే అదే మాస్ స్టోరేజ్. శాన్‌డిస్క్ వాళ్ల శాన్సా క్లిప్ ప్లేయర్లలో ఇది ఉండేది. ఆటో మోడ్‌లో వదిలేయకుండా దానికి మార్చి పెట్టుకోండి, సగం సమస్యలు అక్కడే పోతాయి.

ఈ రెండూ కాకుండా మూడో రకం కూడా ఉంది, నాకు అసలు కోపం దాని మీదే. చూడ్డానికి డ్రైవ్ లాగే తెరుచుకుంటుంది, పాట కాపీ చేస్తే కాపీ అవుతుంది, కానీ ప్లేయర్‌లో మాత్రం ఆ పాట కనిపించదు. ఐపాడ్ టచ్ తప్ప పాత ఐపాడ్‌లు అన్నీ ఇంతే. ఐపాడ్‌ని డ్రైవ్ లాగా తెరిచి దాచిన ఫోల్డర్లు చూస్తే ఎఫ్00, ఎఫ్01 అని వరసగా ఫోల్డర్లు, వాటి లోపల పాటల ఫైళ్లు, ఒక్కదానికీ పాట పేరుండదు, నాలుగు ఇంగ్లీషు అక్షరాల అర్థంలేని పేర్లు. ఏ ఫైల్ ఏ పాటో చెప్పేది ఆపిల్ వాళ్ల ఐట్యూన్స్ ప్రోగ్రామ్ రాసే ఒక డేటాబేస్ ఫైల్, అందులో ఎక్కని పాట ఐపాడ్ లెక్కలో లేనట్టే. ఆ డేటాబేస్‌ని చదివి రాయడం లైనక్స్ వాళ్లు కష్టపడి కనిపెట్టి లిబ్‌జీపాడ్ తయారుచేశారు, జీటీకేపాడ్, రిథమ్‌బాక్స్, అమరాక్ అనే పాటల ప్రోగ్రామ్‌లన్నీ దాని మీదే ఐపాడ్‌కి పాటలెక్కించాయి. 2007లో వచ్చిన ఐపాడ్‌లలో ఆపిల్ ఆ డేటాబేస్‌కి ఒక చెక్‌సమ్ (ఫైల్‌ని వేరేవాళ్లు మార్చితే పట్టిచ్చే లెక్క) తగిలించింది, అది సరిపోకపోతే ఐపాడ్ పాటలే లేవంటుంది. కొద్దిరోజుల్లోనే దాన్నీ విప్పారు, నిజమే, కానీ తర్వాత మోడళ్లలో ఇంకోటొచ్చింది. డబ్బు పెట్టి కొన్న వస్తువులోకి మన దగ్గరున్న పాట ఎక్కించుకోడానికి ఎవరో రాత్రింబవళ్లు కూర్చుని తాళాలు విప్పాల్సి రావడం నాకు న్యాయంగా అనిపించదు.

ఈ తగాదా కొత్తదేం కాదు. 1998లో డైమండ్ కంపెనీ రియో పీఎంపీ300 అని చిన్న ఎంపీ3 ప్లేయర్ తెచ్చింది, మెమరీ 32 ఎంబీ, అంటే అరగంట పాటలు, కంప్యూటర్‌కి ప్రింటర్ తగిలించే ప్యారలల్ పోర్టులో తగిలించేవారు. అమెరికాలో రికార్డింగ్ కంపెనీల సంఘం దాని మీద కేసు వేస్తే 1999లో అప్పీల్ కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది, మన కంప్యూటర్‌లో ఉన్న పాటని సొంత వాడకానికి ప్లేయర్‌లోకి మార్చుకోవడం తప్పు కాదంది. ఆ తీర్పు వచ్చాక ప్లేయర్లకి దారి తెరుచుకుంది, కానీ తర్వాత కంపెనీలు పాటలకే తాళాలు వేయడం మొదలెట్టాయి. 2004లో మైక్రోసాఫ్ట్ ప్లేస్‌ఫర్‌ష్యూర్ అన్న ముద్ర తెచ్చింది, ఆ ముద్ర ఉన్న ప్లేయర్లో ఆ ముద్ర ఉన్న షాపు పాటలు ఖాయంగా పాడతాయని. 2008కల్లా తమ సొంత షాపు పాటలకి లైసెన్స్ ఇచ్చే సర్వర్లు ఆపేస్తామంది, జనం గోల చేస్తే కొన్నేళ్లు పొడిగించింది. సర్వర్ ఆగితే కొత్త కంప్యూటర్‌కి మార్చుకున్న పాట పాడదు, డబ్బు కట్టింది మీరే అయినా సరే. లైనక్స్ వాడేవాళ్లకి ఆ పాటలు మొదట్నుంచీ పాడనే లేదు, అందుకే వాళ్లు కొనలేదు, అందుకే వాళ్లకి పోయిందీ లేదు. 2009లో ఐట్యూన్స్ షాపు కూడా పాటల మీద తాళం తీసేసింది.

ఇప్పుడు చేతిపని గురించి కొంచెం, ఎందుకంటే లైనక్స్‌లో ప్లేయర్ పాడైపోయింది అని వదిలేసేవాళ్లలో చాలామందికి అసలు ప్లేయర్ పాడవదు. కాపీ పెట్టగానే కళ్ల ముందే అయిపోయినట్టు బార్ నిండిపోతుంది, కానీ లైనక్స్ ఆ ఫైళ్లని ముందు కంప్యూటర్ మెమరీలో పెట్టుకుని వెనకాల తీరిగ్గా ప్లేయర్‌లోకి రాస్తూ ఉంటుంది. బార్ నిండింది కదా అని కేబుల్ పీకితే చివరి పాటలు సగంలో తెగిపోతాయి, ఒక్కోసారి ఫోల్డర్లే చెడిపోతాయి, తర్వాత తగిలించినప్పుడు రీడ్ ఓన్లీ అంటుంది. ఫైల్ మేనేజర్‌లో ప్లేయర్ పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కి, ఇక తీసేయొచ్చు అని మెసేజ్ వచ్చేదాకా ఆగండి, నాలుగైదు నిమిషాలు పట్టినా ఆగండి. ఒకవేళ చెడిపోతే అన్‌మౌంట్ చేసి ఫ్యాట్ (ప్లేయర్లు ఫైళ్లని అమర్చుకునే పద్ధతి) డ్రైవ్‌ని సరిచేసే ఎఫ్ఎస్‌సీకే అనే కమాండ్ నడిపితే చాలావరకు బాగవుతుంది.

ప్లేయర్లు ఎక్కువగా ఫ్యాట్32లో ఫార్మాట్ అయి వస్తాయి, పెద్ద కార్డులైతే ఎక్స్‌ఫ్యాట్. ఎక్స్‌ఫ్యాట్ గురించి ఇదివరకు ఇబ్బంది ఉండేది, 2019లో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టాక లైనక్స్ కెర్నల్‌లోకే, అంటే దాని గుండెకాయ లాంటి భాగంలోకే, వచ్చేసింది, ఇప్పుడు బాధ లేదు. కానీ ఫ్యాట్‌లో ఫైల్ పేర్లలో ప్రశ్నార్థకం, కోలన్, కొటేషన్ గుర్తు లాంటివి ఒప్పుకోవు, లైనక్స్‌లో మాత్రం ఒప్పుకుంటాయి, అందుకే కొన్ని పాటలు ఎంతకీ కాపీ కావు, ఎందుకో అర్థం కాదు. పేరులోంచి ఆ గుర్తు తీసేస్తే వెళ్లిపోతుంది. ఇంకోటి, చిన్న ప్లేయర్లు కొన్ని పాటల్ని పేరు వరసలో కాకుండా ఎక్కించిన వరసలో పాడతాయి, దానికి ఫ్యాట్‌సార్ట్ అని చిన్న ప్రోగ్రామ్ ఉంది, అన్‌మౌంట్ చేసి అది ఒకసారి నడిపితే వరస కుదురుతుంది.

మన భాష పాటలు వినేవాళ్లం కాబట్టి ఇది కూడా చెప్పాలి. కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఒక్కోటీ మూడేసి బైట్లు తీసుకుంటాయి. స్త్రీ అని రాస్తే మనకి కనిపించేది ఒక్క అక్షరం, లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. లైనక్స్‌లో ఫైల్ పేరుకి 255 బైట్లు దాటకూడదు, అంటే తెలుగులో 85 గుర్తులు, పాట పేరు సినిమా పేరు పాడినవాళ్ల పేర్లు అన్నీ కలిపి ఫైల్ పేరులో పెడితే ఇట్టే దాటిపోతుంది. ఫైల్ పేరు చిన్నగా పెట్టి మిగతాదంతా ట్యాగుల్లో, అంటే ఫైల్ లోపలే ఉండే పాట వివరాల్లో, రాయండి. ఎంపీ3 ట్యాగుల పద్ధతి ఐడీ3లో 2.3 రకంగా సేవ్ చేస్తే పాత ప్లేయర్లు కూడా చదువుతాయి, ట్యాగులు రాసే ప్రోగ్రామ్‌లు ఈజీట్యాగ్, కిడ్3, పికార్డ్ మూడిట్లోనూ ఆ సెట్టింగ్ ఉంది. అయినా ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే డబ్బాలే కనిపిస్తాయి, ఫాంట్ ఉన్నా ఒత్తులు కలిపి చూపించడం రాకపోతే అక్షరాలు విడివిడిగా పడతాయి. ప్లేయర్ తయారుచేసేవాళ్లు దీన్ని ఇప్పటికైనా పట్టించుకోవాలి, కోట్ల మంది చదివే లిపి ఇది. అప్పటిదాకా నేనైతే కంప్యూటర్‌లో తెలుగు ట్యాగులు అలాగే ఉంచి, ప్లేయర్‌కి పంపే కాపీల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెడతా.

ఈ కాపీల సంగతి ముఖ్యం. అసలు పాటలు ఉండాల్సింది కంప్యూటర్‌లో, దానికి ఇంకో బ్యాకప్‌లో, ప్లేయర్‌లో ఉండేది వాటి నకలు మాత్రమే. సీడీల నుంచి తీసినవి ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో దాచుకోండి, నాణ్యత ఏమాత్రం తగ్గదు, ప్లేయర్‌కి ఎక్కించేటప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో ఎంపీ3గానో, ప్లేయర్ ఒప్పుకుంటే ఓపస్ అనే ఇంకో ఫార్మాట్‌గానో మార్చుకోండి. ఎంపీ3 పేటెంట్లు ఉన్నన్నాళ్లూ కొన్ని లైనక్స్ డిస్ట్రోలు (లైనక్స్‌ని తలా ఓ రకంగా కూర్చి ఇచ్చే వెర్షన్లు) దాన్ని నేరుగా ఇవ్వలేకపోయాయి, 2017లో ఆ లైసెన్స్ కథ ముగిసింది. ప్లేయర్‌తో ఫోల్డర్‌ని జతపరచడానికి ఆర్‌సింక్ అనే కమాండ్ కంటే మంచిది నాకు తెలీదు, కొత్తవి మాత్రమే పంపుతుంది. ఫ్యాట్‌లో టైమ్ రెండేసి సెకన్ల లెక్కన ఉంటుంది కాబట్టి మాడిఫై విండో 1 అని ఆప్షన్ ఇవ్వండి, లేదంటే ఉన్న పాటలే మళ్లీ మళ్లీ కాపీ చేస్తూ కూర్చుంటుంది. డిలీట్ ఆప్షన్ వాడేముందు ఏం చేయబోతుందో చూపించి నిజంగా చేయని డ్రై రన్‌తో ఒకసారి చూసుకోండి. కమాండ్లు వద్దనుకుంటే రిథమ్‌బాక్స్, స్ట్రాబెర్రీ లాంటివి ఉన్నాయి, లాగి వదిలితే చాలు.

కంపెనీల్ని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఎంటీపీ పెట్టుకోండి, కానీ సెట్టింగ్స్‌లో మాస్ స్టోరేజ్ కూడా ఉంచండి. ప్లేయర్ అమ్మడం ఆపేసిన రోజు దాని ఫర్మ్‌వేర్, అంటే ప్లేయర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, మార్చుకోడానికి కావాల్సిన వివరాలు బయటపెట్టండి. ఇప్పటిదాకా ఆ పని కొన్నవాళ్లే చేసుకోవాల్సొచ్చింది. 2001 చివర్లో ఆర్కోస్ ప్లేయర్లలో వచ్చిన సాఫ్ట్‌వేర్ నచ్చక కొందరు మొదలెట్టిన రాక్‌బాక్స్ ఇప్పటికీ నడుస్తోంది, చాలా ఐపాడ్‌ల మీద, శాన్సాల మీద, ఐరివర్ ప్లేయర్ల మీద ఎక్కుతుంది. ఎక్కిస్తే ఫోల్డర్లలో పెట్టిన పాట పెట్టినట్టే పాడుతుంది, ఫ్లాక్, వోర్బిస్, ఓపస్ అన్నీ పాడుతుంది, ఐట్యూన్స్ డేటాబేస్ అక్కర్లేదు. ఐపాడ్ మ్యాక్‌లో ఫార్మాట్ చేసిందైతే ముందు ఫ్యాట్32కి మార్చాలి, అదొక్కటే.

కాబట్టి డ్రాయర్‌లో మూలన పడి ఉన్న పాత ప్లేయర్ని పారేయకముందు ఒకసారి తగిలించి చూడండి. లైనక్స్‌లో అసలేమీ కనిపించకపోతే మొదట కేబుల్ మార్చండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉంటాయి, వాటిలో డేటా వైర్లే ఉండవు. తగిలించిన పరికరాల గురించి లైనక్స్ రాసుకునే సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్‌లో కొత్త లైన్లు పడుతున్నాయంటే ప్లేయర్ ఇంకా బతికే ఉన్నట్టు. అప్పుడు రాక్‌బాక్స్ వాళ్ల సైట్లో ఏ మోడల్‌కి ఎంతవరకు పనిచేస్తుందో జాబితా ఉంటుంది, అందులో మీ మోడల్ ఉందో లేదో చూసుకుని, లోపలున్న పాటలు ముందు కంప్యూటర్‌లోకి కాపీ తీసుకుని, ఆ తర్వాతే ఎక్కించండి.