ఆకు పైవైపు ఫోటోతో ఫెర్న్ జాతి తేలదు

వానలు పడి అనంతగిరి, అరకు దారులు పచ్చబడగానే విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. దాని సారాంశం: “ఫెర్న్ ఆకును పైనుంచి ఫోటో తీసి యాప్‌లో పెడితే జాతి పేరు వచ్చేస్తుంది. ఆకారం ఒకటైతే జాతీ ఒకటే. అడుగున గోధుమరంగు చుక్కలుంటే తెగులు, ఆ ఆకు వదిలేయండి. అనుమానమొస్తే డీఎన్‌ఏ తేల్చేస్తుంది.”

ఎక్కువ నష్టం చేసేది ఆ చుక్కల మాట. అవి తెగులు కాదు, సోరస్‌లు, అంటే సిద్ధబీజాశయాల (ఫెర్న్ విత్తనాలకు బదులు వదిలే పొడిలాంటి సిద్ధబీజాలు తయారయ్యే సంచుల) గుంపులు. తెగులు మచ్చ ఎక్కడ పడితే అక్కడ వస్తుంది, తరచు పైకీ కనిపిస్తుంది. సోరస్‌లు సాధారణంగా ఈనెల మీదో, అంచు వెంటో వరస తప్పకుండా ఉంటాయి. పాత గోడల సున్నంలో మొలిచే టెరిస్ విట్టాటానూ, కుండీల్లో పెంచే నెఫ్రోలెపిస్‌నూ పైనుంచి చూసి ఒకటే అనుకునేవారు చాలామంది. తిప్పి చూస్తే గొడవే లేదు: మొదటిదానికి మడిచిన అంచు కింద సన్నని గీత, రెండోదానికి విడివిడి చుక్కలు. పారేయమన్న ఆకే అసలు పనికొచ్చే ఆకు.

ఇక ఆకారం. ఆ రెండూ దూరపు చుట్టాలు కాబట్టి సులువు. దగ్గరి చుట్టాలైన క్రిస్టెల్లా డెంటాటా, క్రిస్టెల్లా పారసిటికాల దగ్గరే తంటా. (పేరు అలా ఉన్నా రెండోది పరాన్నజీవి కాదు, నేలమీదే పెరుగుతుంది.) డెంటాటాలో అడుగు పత్రకాలు (ఆకులోని చిన్న ఆకులు) కాడవైపు పోనుపోనూ పొట్టివవుతాయి. పారసిటికాలో అవి పెద్దగా తగ్గవు. పైగా దాని పత్రకాల అడుగున ఈనెల వెంట నారింజరంగు గ్రంథులుంటాయి, 10 రెట్ల లెన్స్‌తో చూడాలి. ఆకు చివర మాత్రమే తుంచి తెస్తే మొదటి గుర్తు కొండమీదే ఉండిపోతుంది. అడుగున తెల్లపొడి ఉండే వెండి ఫెర్న్‌లదీ ఇదే కథ: పొడి అందరికీ ఉంది, తేడా చెప్పేది కాడ మీది పొలుసుల రంగు.

ఆకారం వేరైతే జాతి వేరనీ కాదు. డ్రైనేరియా క్వెర్సిఫోలియా ఒకే మొక్కకు చెత్త పట్టుకునే పొట్టి గోధుమ ఆకులు, సోరస్‌లు మోసే పొడవాటి పచ్చ ఆకులు రెండూ ఉంటాయి.

డీఎన్‌ఏ మాట సగం నిజం. తరచు చదివే ఆర్‌బీసీఎల్ జన్యువు హరితరేణువుది, ఫెర్న్‌లలో అది సాధారణంగా తల్లినుంచే వస్తుంది. సంకరంగా, అంటే రెండు జాతుల కలయికతో, పుట్టిన మొక్కలో తండ్రి జాడ దొరకదు. కేంద్రక జన్యువులూ చదవాలి, క్రోమోజోములూ లెక్కపెట్టాలి. మైక్రోస్కోపు ఉంటే ముందు సిద్ధబీజాలు చూడండి: మామూలు లైంగిక జాతిలో సిద్ధబీజాశయానికి 64, ఫలదీకరణ లేకుండా పెరిగేవాటిలో సాధారణంగా 32. వంకరటింకరగా, ముడుచుకుపోయి ఉంటే సంకరమేమోనని అనుమానించాలి.

యాప్ వాడొద్దని కాదు, ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకు చాలాసార్లు దారి చూపుతుంది. కానీ నాలుగు ఫోటోలు కావాలి: మొత్తం ఆకు, అడుగు భాగం దగ్గరగా, కాడ మొదట్లో పొలుసులు, మొక్క ఉన్న చోటు. లేత సోరస్‌లూ తీయండి, ముదిరితే వాటిపై కప్పు రాలిపోతుంది. నమూనాకు అటవీశాఖ అనుమతి తీసుకుని, కాడ మొదలుతో సహా ఒక్క ఆకే కోయండి, మొక్క పీకొద్దు. న్యూస్‌పేపర్ల మధ్య కొంత భాగం అడుగు పైకి ఉండేలా పరిచి బరువు పెట్టాలి. విశాఖ తేమలో కాగితాలు రోజూ మార్చకపోతే బూజు పట్టి పొలుసులూ, సోరస్‌లూ కనబడవు.