మహిళా దర్శకురాలు: ఒక సమర్థన

‘వింధ్యాచల పర్వతం’ అని రాసినవారిని పండితులు మందలిస్తారు. అచలమన్నా పర్వతమన్నా ఒకటే గనుక ఏదో ఒకటి తీసేయమంటారు. సినిమా పేజీలో ‘మహిళా దర్శకురాలు’ కనబడినప్పుడు కూడా ఆ పండితులే కళ్లజోడు సవరించుకుని, ‘రాలు’ ఉండగా ముందు మహిళ ఎందుకని అడుగుతారు. వారికి వ్యాకరణం తెలుసు గానీ పరిశ్రమ తెలియదని సవినయంగా మనవి చేస్తున్నాను. మెగాఫోన్ ఆడమనిషి చేతిలో ఉన్నదని ఒక్కసారే చెబితే ప్రేక్షకుడు చదవకుండా దాటిపోవచ్చు. రెండుసార్లు చెబితే టికెట్టు కొనేలోపు గుండె చిక్కబట్టుకునే వ్యవధి దొరుకుతుంది. ఆమె అంతకుముందు నటి అయితే ఆ సంగతి కూడా చేర్చి మొత్తం మూడుసార్లు హెచ్చరించడం పత్రికా ధర్మం.

నటి దర్శకత్వం చేయడం మనకు ఎప్పుడూ కొత్త వింతే. 1953లో భానుమతీ రామకృష్ణ ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ భాషల్లో ఒకేసారి తీశారు. ద్విపాత్రాభినయం ఆవిడదే, పాడిందీ ఆవిడే, సినిమా నిర్మించిన భరణి సంస్థా సొంతిల్లే, ఎదుట నిలబడిన కథానాయకుడు ఎన్.టి. రామారావు. బహుముఖ ప్రజ్ఞాశాలి అని మనమూ ఉదారంగానే ఒప్పుకున్నాం, కాకపోతే ఆ బిరుదుకు తోకగా ‘కాస్త పొగరు’ అని తగిలించడం మరిచిపోలేదు. భర్త రామకృష్ణగారు స్వయంగా దర్శకులు కావడం మన పరిశోధకులకు పెద్ద ఊరట. ఆడవారి సినిమా బాగుంటే వెనక ఎవరున్నారో వెతకాలన్నది మన విమర్శ సంప్రదాయంలో తొలి సూత్రం కదా. ఇంట్లోనే దొరికితే ఆటోచార్జీ కూడా మిగులుతుంది.

ఈ సూత్రానికి ఎదురులేదని నేను చాలాకాలం నమ్మాను. నన్ను ఇబ్బంది పెట్టినది విజయనిర్మలగారి ఉదంతం. బాలనటిగా మొదలై కథానాయికగా స్థిరపడి, 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా ‘మీనా’ తీసి, ఆ తరువాత ఆగకుండా తీసుకుంటూ పోయి, నలభై నాలుగు చిత్రాల లెక్కతో 2002లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. (గిన్నిస్ వారు కూడా ‘మహిళ’ అనే రాశారని గమనించాలి. పద్ధతి తెలిసినవాళ్లు.) నలభై నాలుగింటికీ వెనక ఎవరో ఉన్నారనాలంటే ఆ ఎవరో షూటింగుల మధ్య నిద్ర ఎప్పుడు పోయినట్టు? పైగా భర్త కృష్ణగారు రోజుకు మూడు కాల్షీట్లు పనిచేసే మనిషని ప్రతీతి. ఇంకో చిక్కు కూడా ఉంది. కృష్ణగారు ‘సింహాసనం’కు దర్శకత్వం వహించిన 1986 నాటికి ఆవిడకు దర్శకత్వంలో పదమూడేళ్ల అనుభవం. సూత్రం ప్రకారం అప్పుడైనా ఎవరో ఒకరు గొంతు తగ్గించి, ‘వెనక ఆవిడే ఉండి నడిపించిందట’ అనవలసింది. నేను గాలించినంత మేర అటువంటి గుసగుస ఒక్కటీ దొరకలేదు. సూత్రం ఒకవైపుకే పనిచేస్తుందని తేల్చుకుని ఆ అధ్యాయం మూసేశాను.

సావిత్రి విషయంలో మనకు అంత శ్రమ లేదు. 1968లో ఆమె ‘చిన్నారి పాపలు’ తీశారు. సాంకేతిక శాఖల్లో కూడా వీలైనంతవరకు ఆడవారినే పెట్టుకున్నారు. సినిమాకు డబ్బు రాలేదు. సొంత సినిమా తీసి పొలాలూ మేడలూ పోగొట్టుకున్న మగ నటులు ప్రతి తరంలోనూ ఉన్నారు. వారి గురించి మాట్లాడేటప్పుడు ‘అభిరుచి గల నిర్మాత’ అంటాం, తల ఊపుతాం, కాఫీ తాగుతాం. సావిత్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘హాయిగా నటించుకోక దర్శకత్వం జోలికి ఎందుకు పోయిందో’ అంటాం. అభిరుచికీ జోలికీ మధ్య ఉన్న ఈ తేడా నిఘంటువుల్లో లేదు, కొత్త ముద్రణలోనైనా చేర్చాలని నా సూచన.

టెలివిజన్‌లో గొడవ తక్కువ, దర్శకుడి పేరు పడే సమయానికి ఇంటిల్లిపాదీ కంచాలు తీస్తూ ఉంటారు గనుక. సుహాసిని మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఛాయాగ్రహణం నేర్చుకుని, కెమెరా సహాయకురాలిగా పనిచేసి, నటిగా పేరు తెచ్చుకుని, 1991లో టెలివిజన్‌కు ‘పెణ్’ (తమిళంలో ఆడది అని) కథలు తీసి, 1995లో ‘ఇందిర’తో సినిమాకు వచ్చారు. కెమెరా చదువు నటనకన్నా ముందే ఉందన్నది మన కథనానికి అడ్డం వస్తోంది కాబట్టి దాన్ని వదిలేసి మణిరత్నంగారి సతీమణి అని మొదలుపెట్టడమే సులువు.

మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఒక ప్రెస్‌మీట్‌కు వెళ్లాను. పదిహేనేళ్లు తెరమీద ఏడ్చి, నవ్వి, ఇప్పుడు తొలి సినిమా తీసిన ఒకావిడ వేదిక మధ్యలో కూర్చున్నారు. మైకు అందుకున్న మొదటి మిత్రుడు ఇంటినీ సెట్‌నీ ఎలా బ్యాలెన్స్ చేశారని అడిగాడు. రెండో మిత్రుడు మళ్లీ నటనకు ఎప్పుడు వస్తారన్నాడు. మూడో ప్రశ్న హీరోకు: ‘లేడీ డైరెక్టర్‌తో ఎలా ఉంది సార్?’ హీరో కుర్చీలో సర్దుకుని, ‘మేడమ్ చాలా కూల్ అండీ, ఒక్కసారి కూడా అరవలేదు’ అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఆవిడ ఒళ్లో తెరిచిన నోట్‌బుక్ ఉంది, పేజీలనిండా పెన్సిలుతో గీసిన షాట్ల బొమ్మలు, అంచుల్లో లెన్స్ నంబర్లు. ఎవరైనా అడుగుతారేమోనని తెచ్చుకున్నట్టున్నారు. నేనూ అడగలేదు, మిరపకాయ బజ్జీలు వచ్చాయి.

ఆ రాత్రి ‘మెగాఫోన్ పట్టిన మరో మహిళా దర్శకురాలు’ అని శీర్షిక పెట్టి వార్త పంపాను. డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. శీర్షిక అద్భుతమన్నారు, ఫోటోలో మాత్రం హీరో ముఖం చిన్నదైపోయిందని, పక్కన కాస్త కత్తిరిస్తామని అన్నారు. పొద్దున పేపరు చూశాను. ఆవిడ ఎడమ భుజం, ఆ భుజంమీది చీరంచు చాలా స్పష్టంగా వచ్చాయి.