మోకాళ్లు వంచండి, సిస్టర్!

నర్సుల నడుం నొప్పికి కర్నూల్లో ఒక ఆసుపత్రి మందు కనిపెట్టింది. దాని పేరు పోస్టరు. 'బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచండి, నడుము నిటారుగా ఉంచండి' అని అచ్చేసి ప్రతి వార్డు గోడకీ అంటించారు. ఇక నొప్పొస్తే తప్పు నర్సుదే. గోడ తన డ్యూటీ తాను చేసింది.

పోస్టరుతో మారని మొండివాళ్ల కోసం మే 12న, నర్సుల దినోత్సవం పూట, శిక్షణ కూడా పెట్టారు. నైట్ డ్యూటీ దిగినవాళ్లను ఇంటికి పోనీయకుండా కూర్చోబెట్టారు. అంటే, నిలబెట్టారు. కుర్చీలు అతిథులకే చాల్లేదు. వచ్చిన నిపుణుడు ఖాళీ అట్టపెట్టె తెప్పించి, మోకాళ్లు వంచి, దాన్ని గుండెలకు హత్తుకుని లేచాడు. చప్పట్లు. దించి మళ్లీ ఎత్తాడు. ఫోటో సరిగా పడలేదంటే ఇంకోసారి ఎత్తాడు. ఎంత బుద్ధిగల పెట్టె అది! దానికి తుంటి విరగలేదు. చేతికి సెలైన్ లేదు, పక్కన యూరిన్ బ్యాగు వేలాడట్లేదు. ఎత్తబోతే భయపడి మెడ పట్టుకోలేదు. 'ఏంది సిస్టరమ్మా, మెల్లగా లేపలేవా' అని కసిరే బంధువులు కూడా దానికి లేరు.

వెనక నుంచి ఒక సిస్టర్ అడిగింది: "సార్, ఆదోని పెద్దాయన డెబ్బై ఐదు కిలోలుంటాడు. మంచంలో కిందికి జారిపోతే పైకి లాగాలి. మంచం ఎత్తు మారదు, తలవైపు లేపే హ్యాండిల్ తుప్పు పట్టింది. మంచం మీదికి వంగి లాగేటప్పుడు మోకాళ్లు యాడ వంచాల?"

ఆయన యోగా చేయమన్నాడు.

అన్నీ అనుకూలంగా ఉన్నా సరే, రోగిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక్కరి మీద పడే బరువు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు దాటకూడదని అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థవాళ్ల లెక్క. ఆ ప్రకారం పెద్దాయన్ను ఎత్తడానికి ఐదుగురు కావాలి. రాత్రి వార్డంతటికీ ఉండేది ఒక్క సిస్టరే.

ఎట్లా ఎత్తాలో నేర్పినంత మాత్రాన నడుం నొప్పి ఆగదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. కావాల్సింది ఎత్తు మారే మంచాలు, రోగిని జరిపే జారుడు షీట్లు, లేపే యంత్రం, తోడుగా ఇంకో మనిషి. ఇవేవీ కొనరు, పోస్టరు కొంటారు! సిగ్గుండొద్దూ? డిస్క్ జారిన మనిషి లీవు అడిగితే "నడుం నొప్పి ఎవరికి లేదమ్మా" అనడానికి పై అధికారికి నోరెట్లా వస్తుంది? అదీ ఏసీ గదిలో, మీట నొక్కితే పైకీ కిందికీ కదిలే కుర్చీలో కూర్చుని. మంచాల హ్యాండిళ్లు బాగు చేయించమని సిస్టర్లు పెట్టుకున్న అర్జీ ఆ కుర్చీ ముందున్న టేబుల్ మీదే ఉంది, టీ కప్పు కింద.